బతుకమ్మ ఆటల పక్కన ఒక బల్ల వేయండి: అమెరికాలోని తెలుగు సంఘాలకు, కన్సల్టెన్సీ యజమానులకు బహిరంగ లేఖ

అమెరికాలో తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలకు, ఐటీ కన్సల్టెన్సీలు నడుపుతున్న తెలుగు అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం.

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. 2012 నవంబరులో హెచ్-4 వీసా మీద, అంటే మావారి ఉద్యోగ వీసా మీద ఆధారపడే వీసాతో వచ్చాను. 2016లో వర్క్ పర్మిట్ చేతికొచ్చాక మెడికల్ బిల్లింగ్ నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఒక డాక్టరు గారి ఆఫీసులో అదే పని చేస్తున్నాను. నా దగ్గరికి బిల్లు పట్టుకుని వచ్చేవాళ్లలో మనవాళ్లు చాలామంది. కూర్చోకముందే అడిగే మాట ఒకటే: "ఇన్సూరెన్స్ ఉంది కదండీ, నెలనెలా జీతంలో కట్ అవుతోంది కదా, మరి ఈ బిల్లేంటి?"

ఆ ప్రశ్న నేనూ ఒకప్పుడు అడిగాను. అందుకే ఈ లేఖ.

మావారు ఇక్కడ ఎమ్మెస్ చేసి, ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరారు. నేను వచ్చేనాటికి ఇన్సూరెన్స్ ఎంచుకోవడానికి వారం గడువుంది. కంపెనీ పంపిన కాగితాల్లో రెండు ప్లాన్‌లు ఉన్నాయి. ఒకదానికి జీతంలోంచి ఎక్కువ పోతుంది, రెండోదానికి తక్కువ. రూమ్మేట్లను అడిగితే "మీకేం జబ్బులు రా, తక్కువ కట్ అయ్యేదే పెట్టెయ్" అన్నారు. తెనాలిలో మామయ్యగారు ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన చదువు అప్పుకు నెలనెలా డబ్బు పంపాలి. తక్కువదే పెట్టాం. అది హై డిడక్టబుల్ ప్లాన్ అని, ఏడాదికి మొదటి 5,000 డాలర్లు మా జేబులోంచే పెట్టుకోవాలని మావారికి తెలుసు. నాకు చెప్పారు కూడా. ఆ మాటకు అర్థమేమిటో మా ఇద్దరికీ తెలియదు.

2013 జనవరి, భోగికి ముందు రాత్రి. పది గంటలకు మావారికి కడుపులో నొప్పి మొదలైంది. ఇండియా నుంచి తెచ్చుకున్న గ్యాస్ మాత్ర వేసుకున్నారు. పన్నెండింటికి ఇంకా పెరిగింది. ఎమర్జెన్సీకి వెళ్దామంటే, "ఒద్దు, వెళ్తే వేలల్లో అవుతుంది, తెల్లారాక చూద్దాం" అన్నారు. అప్పుడు బ్యాంకులో మాకున్నది 3,100 డాలర్లు. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తు, ఎందుకంటే ఆ రాత్రి మూడుసార్లు ఫోన్ తీసి చూసుకున్నాను. తెల్లవారుజామున ఒళ్లు కాలిపోతుంటే పక్కింటి వాళ్ల కారులో తీసుకెళ్లాం. అప్పటికే అపెండిక్స్ పగిలింది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

ఆసుపత్రి, ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పందం ప్రకారం బిల్లు 23,000 డాలర్లకు తేలింది. మొదటి 5,000 మాది. మిగిలిన 18,000లో 20 శాతం, అంటే 3,600 మాది. మొత్తం 8,600. "5,000 ఇద్దరికీ కలిపి కదా, ఒక్కరికే అయితే 2,500 దాటితే చాలు" అనుకున్నాం. మా ప్లాన్ అలా లేదు. కుటుంబం మొత్తానికి ఒకే గీత. ఒక్కరి జబ్బయినా ఆ గీత దాటాల్సిందే. 24 వాయిదాల్లో కట్టాం.

డబ్బు పోయినందుకు నేనిప్పుడు బాధపడటం లేదు. వెళ్లిన ప్రతిసారీ ముందే చెప్పిన మొత్తం కడితే సరిపోయే మామూలు కోపే ప్లాన్ ఉండి, ఎమర్జెన్సీకి ఇంత అని ఒక చిన్న అంకె ముందే తెలిసి ఉంటే, మేం రాత్రి పదిన్నరకే బయల్దేరేవాళ్లం. ఆ ఆరేడు గంటలు మావారి ప్రాణం మీదికి తెచ్చాయి. అది నేను మర్చిపోలేను.

ఇంత జరిగాక మీకు ఆశ్చర్యం కలగవచ్చు: ఈరోజు మేం మళ్లీ హై డిడక్టబుల్ ప్లాన్‌లోనే ఉన్నాం. 2017 నుంచీ, తెలిసి, లెక్క వేసుకుని ఎంచుకున్నాం. కాబట్టి ఈ ప్లాన్‌లు చెడ్డవని, ఎవరూ తీసుకోవద్దని నేను చెప్పడం లేదు. ఒక ఇంటికి అమృతమైన ప్లాన్ పక్కింటికి విషం కావచ్చు. ఆ తేడా ఎక్కడుందో కొత్తగా దిగిన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

మాకు ఇప్పుడు మేలు చేస్తున్నది ప్లాన్ కంటే దానితో వచ్చే ఖాతా. హెల్త్ సేవింగ్స్ అకౌంట్, హెచ్‌ఎస్‌ఏ అంటాం. జార్జ్ బుష్ 2003 డిసెంబరులో సంతకం చేసిన మెడికేర్ (పెద్దవయసువాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) చట్టంతో ఇది పుట్టింది, 2004 జనవరి నుంచి అమల్లో ఉంది. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ లెక్కకు సరిపోయే హై డిడక్టబుల్ ప్లాన్ ఉన్నవాళ్లకే ఇందులో డబ్బు వేసుకునే వీలుంది. 2026లో ఆ లెక్క ఇలా ఉంది: డిడక్టబుల్ ఒక్కరికైతే కనీసం 1,700 డాలర్లు, కుటుంబానికైతే 3,400. నెట్‌వర్క్ లోపల, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రుల దగ్గర, ఏడాది మొత్తంలో మన చేతినుంచి పోయేది ఒక్కరికి 8,500, కుటుంబానికి 17,000 దాటకూడదు. ఖాతాలో ఒక్కరైతే 4,400, కుటుంబమైతే 8,750 వరకు వేసుకోవచ్చు. 55 నిండినవాళ్లు ఇంకో వెయ్యి.

ఆ డబ్బు మీద వేసేటప్పుడు ఫెడరల్ పన్ను లేదు, పెరిగినప్పుడు లేదు, వైద్యానికి తీసినప్పుడు లేదు. జీతంలోంచి నేరుగా వేస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత 7.65 శాతం కూడా మిగులుతుంది. 22 శాతం శ్లాబులో ఉన్న కుటుంబం 8,750 పూర్తిగా వేస్తే దాదాపు 2,600 డాలర్లు పన్నులోనే ఆదా. మా న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో మాత్రం రాష్ట్ర పన్నుకు ఈ మినహాయింపు లేదు. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లు, రాష్ట్ర ఆదాయ పన్నే లేని టెక్సాస్‌లోని స్నేహితుల లెక్క చూసుకుని పొరపడుతుంటారు.

ఏడాది చివర డబ్బు మురిగిపోదు. ఉద్యోగం మారినా, కంపెనీ తీసేసినా, ఇండియా వెళ్లిపోయినా ఖాతా మనదే. హైదరాబాద్ వెళ్లినప్పుడు పంటి వైద్యం చేయించుకున్నా అది వైద్య ఖర్చే, రసీదు ఉంటే ఇందులోంచి తీసుకోవచ్చు. ఈరోజు చేతి డబ్బుతో కట్టి, రసీదు దాచి, పదేళ్ల తర్వాత తీసుకున్నా ఫరవాలేదు. ఆ ఖర్చు ఖాతా తెరిచిన తర్వాతది అయితే చాలు. కానీ 65 ఏళ్లు నిండకముందు వైద్యానికి కాకుండా వేరే పనికి తీస్తే పన్నుతో పాటు 20 శాతం జరిమానా. పిల్ల పెళ్లికి, ప్లాటుకు తీసే డబ్బు కాదిది.

మరి ప్రమాదం ఎక్కడ? ఖాతాలో డబ్బు లేనివాడి చేతికి డిడక్టబుల్ మాత్రమే మిగిలినప్పుడు. ఇందాక చెప్పిన మంచి అంతా, వేసుకోవడానికి డబ్బున్నవాళ్లకు. మొన్ననే రెండు సూట్‌కేసులతో దిగి, అపార్ట్‌మెంట్ డిపాజిట్ కట్టి, సెకండ్‌హ్యాండ్ కారు కొని, ఊళ్లో అప్పుకు పంపుతున్న కుర్రాడికి ఖాతాలో వేయడానికి నెలకు మూడు నాలుగు వందల డాలర్లు ఎక్కడి నుంచి వస్తాయి? వాడి దగ్గర ఉండేది ఖాళీ హెచ్‌ఎస్‌ఏ, నిండు డిడక్టబుల్.

అలాంటప్పుడు మనిషి చేసే పని ఒకటే, వాయిదా వేస్తాడు. దీని మీద పరిశోధన కూడా ఉంది. ఇక్కడి ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగులను, దాదాపు ఉచితంగా వైద్యం అందే ప్లాన్ నుంచి హై డిడక్టబుల్ ప్లాన్‌కు మార్చింది. ఏం జరిగిందో నలుగురు ఆర్థికవేత్తలు 2017లో ప్రచురించారు. వైద్యం ఖర్చు 12 నుంచి 14 శాతం దాకా తగ్గింది. అయితే ఎవరూ చవకగా చేసే చోటు వెతుక్కోలేదు, వెళ్లడమే తగ్గించారు. అనవసరమైనదీ మానేశారు, అవసరమైనదీ మానేశారు. వాళ్లేమీ పేదవాళ్లు కారు, మంచి జీతాలవాళ్లు. కంపెనీ హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేసింది కూడా. అంత ఉన్నవాళ్లే డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తే, మన కొత్తవాళ్ల సంగతి మీరే ఆలోచించండి.

పైగా మనవి షుగరు ఇళ్లు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మిగతావాళ్లకు బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతో చెప్పే లెక్క) 25 దగ్గర చెప్పే షుగరు పరీక్షను, ఆసియా మూలాలవాళ్లకు 23 దగ్గరే చేయించుకోమంటుంది. సన్నగా కనిపించినా మనకు ముందే వస్తుంది కాబట్టి. మూడు నెలలకో ఆరు నెలలకో సగటు షుగరు చెప్పే ఏ1సీ పరీక్ష, బీపీ మాత్ర, కొలెస్టరాల్ మాత్ర, ఇవన్నీ నొప్పి తెలియని జబ్బుల కోసం. నొప్పి లేనప్పుడు 200 డాలర్ల బిల్లు కనిపిస్తే "వచ్చే నెల చూద్దాంలే" అనడం చాలా తేలిక. నా బల్ల ముందే అలా అన్నవాళ్లు ఉన్నారు. ఏడాది తర్వాత వాళ్ల రిపోర్టులు కూడా నేను చూశాను.

ఇక్కడ చాలామందికి తెలియని మంచి సంగతి ఉంది. ఏడాదికోసారి చేసే ఫిజికల్ (మామూలు ఆరోగ్య పరీక్ష), టీకాలు, రొమ్ము క్యాన్సర్ కోసం చేసే మామోగ్రామ్, 45 నిండాక పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష వంటివి నెట్‌వర్క్ డాక్టరు దగ్గర సాధారణంగా పైసా లేకుండా జరగాలి. 2010 నాటి ఒబామా ఆరోగ్య చట్టం ఇచ్చిన హక్కు అది, హై డిడక్టబుల్ ప్లాన్‌కూ వర్తిస్తుంది. అంతేకాదు, 2019 జులైలో ఐఆర్‌ఎస్ ఒక జాబితా ఇచ్చింది. షుగరు ఉన్నవాళ్లకు ఇన్సులిన్, ఏ1సీ పరీక్ష, గ్లూకోమీటర్, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్, గుండెజబ్బు లేదా షుగరు ఉన్నవాళ్లకు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు, ఇలాంటివి డిడక్టబుల్‌తో సంబంధం లేకుండా ఇవ్వడానికి ప్లాన్‌లకు అనుమతి ఉంది. అనుమతే, తప్పనిసరి కాదు. ఇవ్వాలా వద్దా అన్నది ప్లాన్ ఎంచుకునే కంపెనీ చేతుల్లో ఉంది. కన్సల్టెన్సీ యజమానులు దయచేసి ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

బిల్లింగ్ మనిషిగా ఇంకో మాట. ఉచిత ఫిజికల్‌కు వెళ్లి "డాక్టరు గారూ, మోకాలు నొప్పిగా ఉంటోంది" అంటే, దాన్ని పరీక్షించినందుకు బిల్లులో వేరే కోడ్ పడవచ్చు. ఆ కోడ్ డిడక్టబుల్ కిందికి వస్తుంది. నొప్పి దాచుకోమని నేను అనను, చెప్పి తీరాలి. బిల్లు ఎందుకొచ్చిందో తెలిసి ఉండాలని నా బాధ. అలాగే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ముందు వచ్చే కాగితం మీద "ఇది బిల్లు కాదు" అని రాసి ఉంటుంది. దాన్నే బిల్లు అనుకుని డబ్బు కట్టినవాళ్లూ ఉన్నారు, అసలు బిల్లునే ఆ కాగితం అనుకుని పారేసి కలెక్షన్స్ (బాకీ వసూలుచేసే కంపెనీలు) దాకా తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

అన్నిటికంటే ఎక్కువ కన్నీళ్లు నేను చూసింది కాన్పుల దగ్గర. డిడక్టబుల్ చాలా ప్లాన్‌లలో జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. సెప్టెంబరులో గర్భం తెలిసి, మే నెలలో కాన్పయితే స్కానింగులు, రక్త పరీక్షలు ఒక ఏడాది డిడక్టబుల్‌లోకి, కాన్పు రెండో ఏడాది డిడక్టబుల్‌లోకి. పుట్టిన బిడ్డ కూడా ఇన్సూరెన్స్ లెక్కలో మరో మనిషి. ముప్పై రోజుల్లోగా ప్లాన్‌లో చేర్చాలి. పురిటి మంచం మీద ఉన్న అమ్మాయికి, నిద్రలేని ఆమె భర్తకు ఈ గడువు ఎవరు గుర్తు చేస్తారు? వచ్చే ఏడాది బిడ్డను కనాలనుకునే జంట అక్టోబరులోనే ప్లాన్ మార్చుకుంటే తప్పిపోయే కష్టమిది. కానీ మన ఇళ్లలో ఆ మాట ముందుగా బయటికి చెప్పుకోరు. అడిగేవాళ్లు నెమ్మదిగా, గౌరవంగా అడగాలి.

ప్రాజెక్టులు మారే మన పిల్లలకు ఇంకో చిక్కు. జులైలో కంపెనీ మారితే పాత ప్లాన్‌లో కట్టిన డిడక్టబుల్ సాధారణంగా కొత్తదాంట్లో లెక్కకు రాదు, మళ్లీ మొదటి నుంచి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఒకరి కంపెనీలో మామూలు ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే మరో రకం ఖాతా) తీసుకుని, రెండోవారు హెచ్‌ఎస్‌ఏలో వేస్తుంటారు. అలా వేయకూడదని పన్నుల సమయంలో తెలుస్తుంది. 2022 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి డాక్టర్ల అదనపు బిల్లుల నుంచి కాపాడుతుంది కానీ, రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌కు అది వర్తించదు.

ఇప్పుడు కన్సల్టెన్సీ యజమానులతో రెండు మాటలు.

ఒక కంపెనీలో కుటుంబ ప్లాన్‌లు ఇలా ఉన్నాయనుకుందాం. మామూలు ప్లాన్‌కు నెలకు 420 డాలర్లు, డిడక్టబుల్ 1,000, వైద్యానికి ఏడాదిలో మన చేతినుంచి పోయే గరిష్ఠం 5,000. హై డిడక్టబుల్‌కు నెలకు 180, డిడక్టబుల్ 4,000, గరిష్ఠం 8,000, కంపెనీ హెచ్‌ఎస్‌ఏలో వేసేది 1,000. అందరూ ఆరోగ్యంగా ఉంటే రెండోదానిలో 3,880 మిగులుతుంది. ఎంత పెద్ద జబ్బొచ్చినా మొదటిదానిలో ఏడాదికి 10,040 పోతే, రెండోదానిలో 9,160. కళ్లు మూసుకుని రెండోది తీసుకోవచ్చు, జనవరిలో చేతిలో కాస్త డబ్బుంటే.

ఇంకో కంపెనీలో రెండు ప్లాన్‌ల మధ్య తేడా నెలకు 60 మాత్రమే, ఏడాదికి 720. డిడక్టబుల్ మాత్రం 1,500 బదులు 6,000. హెచ్‌ఎస్‌ఏలో కంపెనీ వేసేది ఏమీ లేదు. 16,000 డాలర్ల కాన్పు ఒకటి వస్తే, ఆపై 20 శాతం వాటాతో కలిపి మొదటి ప్లాన్‌లో 4,400, రెండోదానిలో 8,000. ప్రీమియంలో మిగిలిన 720 తీసేసినా 2,880 నష్టం. పేరు రెండుచోట్లా హై డిడక్టబుల్ ప్లానే. నా దగ్గరికి వచ్చే మన పిల్లల కాగితాలు ఎక్కువసార్లు ఈ రెండో రకంగా ఉంటాయి.

యాభై మంది కన్నా తక్కువ ఉన్న కంపెనీ ఇన్సూరెన్స్ ఇచ్చి తీరాలని చట్టం అడగదని నాకు తెలుసు. ప్రీమియంలు మీ నడుం విరుస్తున్నాయనీ తెలుసు. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ సర్వే ప్రకారం 2024లో కంపెనీల కుటుంబ ప్లాన్ సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందుకే పెద్ద కోరికలు కోరను. హై డిడక్టబుల్ ప్లాన్ ఇస్తున్నారంటే మీకు ప్రీమియంలో కొంత మిగులుతున్నట్టే. అందులో కొంత ఉద్యోగి హెచ్‌ఎస్‌ఏలో వేయండి. అది కూడా నెలనెలా కొంచెం కొంచెంగా కాకుండా జనవరి మొదటి వారంలోనే వేయండి. మా ఇంట్లో నొప్పి జనవరిలోనే వచ్చింది. 2019 జాబితాలోని మందులు డిడక్టబుల్ లేకుండా ఇచ్చే ప్లాన్ ఉందా అని మీ బ్రోకర్‌ను అడగండి. కొత్తగా చేరిన కుర్రాడికి నలభై పేజీల పీడీఎఫ్ పంపి ఊరుకోకుండా, అరగంట ఫోన్‌లో కూర్చుని చెప్పండి. మీలో చాలామంది అదే దారిలో వచ్చారు. మీకు చెప్పాల్సిన పని లేదు.

తెలుగు సంఘాల పెద్దలకు నా విన్నపం ఇంకా చిన్నది.

మనవాళ్లకు ఇక్కడ ఆపద వస్తే ముందు నిలబడేది మీరే. చనిపోయినవాళ్లను ఊరికి పంపడానికి రాత్రికి రాత్రి చందాలు పోగుచేయడం నేను కళ్లారా చూశాను. ఆ చందాల్లో కొన్ని ఆసుపత్రి బిల్లుల కోసమే. అంతదాకా రాకముందే చేయగలిగిన పని ఇది.

చాలా కంపెనీల్లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే వచ్చే ఏడాది ప్లాన్ ఎంచుకునే గడువు, అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది. సరిగ్గా మీరు బతుకమ్మ, దసరా, దీపావళి వేడుకలు చేసే రోజులు. వందల కుటుంబాలు ఒకేచోటికి వస్తాయి. నగల దుకాణాలకు, రియల్ ఎస్టేట్‌వాళ్లకు బల్లలు ఇస్తారు. ఇంకొక్క బల్ల దీనికి వేయండి. దాని వెనక బిల్లింగ్ తెలిసినవాళ్లు, నర్సులు, పన్నులు చూసేవాళ్లు, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు ముగ్గురు నలుగురు చాలు. ఏ ఇన్సూరెన్స్ ఏజెంటుకూ ఆ బల్ల స్పాన్సర్‌గా ఇవ్వకండి. అక్కడ ఏదీ అమ్మకూడదు.

వచ్చినవాళ్లను అడగాల్సినవి కొన్నే. బ్యాంకులో డిడక్టబుల్ అంత డబ్బు ఉందా? ఇంట్లో రోజూ మందు వేసుకునేవాళ్లు ఉన్నారా? వచ్చే ఏడాది బిడ్డ గురించి ఆలోచిస్తున్నారా? కంపెనీ హెచ్‌ఎస్‌ఏలో ఎంత వేస్తుంది? డిడక్టబుల్ మనిషికి వేరేనా, అందరికీ కలిపి ఒకటేనా? ఈ జవాబులు కాగితం మీద రాసి రెండు ప్లాన్‌లకూ మంచి ఏడాది, చెడ్డ ఏడాది లెక్క వేసి చేతికివ్వాలి. నిర్ణయం వాళ్లది.

ఇప్పటికే బిల్లుల్లో చిక్కుకున్నవాళ్లు కూడా ఆ బల్ల దగ్గరికి వస్తారు. వాళ్లకు చెప్పాల్సింది ఉంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నీ ఆర్థిక సాయం పాలసీ రాసి పెట్టుకోవాలి, ఆదాయం తక్కువైతే దరఖాస్తు చేసుకోవచ్చు. ఐటమ్‌వారీ బిల్లు అడిగి ఒక్కో లైను చూసుకోవచ్చు. వడ్డీ లేకుండా వాయిదాలు అడగవచ్చు. ఎమ్మారై వంటివి ఆసుపత్రిలో కన్నా బయటి ఇమేజింగ్ సెంటర్‌లో చాలాసార్లు బాగా తక్కువకు అవుతాయి, ముందే ఫోన్ చేసి ధర కనుక్కోవచ్చు. 2013లో ఈ నాలుగు మాటలు మాకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ 24 వాయిదాలు కొంతైనా తగ్గేవి.

ఈ అక్టోబరులో ఎడిసన్ చుట్టుపక్కల ఎక్కడ వేడుక జరిగినా, ఏ సంఘం చేసినా, ఆ బల్ల వెనక నేను కూర్చుంటాను. నాతోపాటు మా ఆఫీసులో పనిచేసే ఇద్దరు వస్తామన్నారు. మావారు కూడా వస్తారు, భోగి ముందు రాత్రి సంగతి తనే చెబుతానన్నారు. కాగితాలు, కాలిక్యులేటర్లు మేమే తెచ్చుకుంటాం. మీరు బల్ల, నాలుగు కుర్చీలు, స్టేజీ మీద నుంచి రెండు నిమిషాల ప్రకటన ఇవ్వండి.

ఇట్లు,
ఎడిసన్ నుంచి మీ తెలుగు ఆడపడుచు